జీతం అనే మాటకు రెండు అర్థాలు: చట్టం తెచ్చే మార్పు, మార్కెట్టు తెచ్చే మార్పు



మన ట్రస్టు స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలు జరిగినప్పుడు నేను కూడా ఒక మూలన కూర్చున్నాను. కమిటీలోని పెద్దాయన బి.కాం. చదివే ఒక అమ్మాయిని ఇలా అడిగారు: "సమాజం మారాలంటే చట్టాలు చేయాలా, లేక మార్కెట్టును స్వేచ్ఛగా వదిలేస్తే అదే మారుస్తుందా?" ఆ అమ్మాయి తడుముకోకుండా "మార్కెట్టే సార్" అంది. తరువాత వచ్చిన లా విద్యార్థిని అదే ప్రశ్న అడిగితే "చట్టమే సార్" అన్నాడు. ఇద్దరూ పుస్తకంలో ఉన్నది బాగానే చెప్పారు. కానీ ఇద్దరిలో ఒక్కరూ మన బాగేపల్లి నుండి గానీ, చింతామణి నుండి గానీ, చిక్కబళ్ళాపురం నుండి గానీ ఒక్క ఉదాహరణ కూడా ఇవ్వలేదు. ఈ ప్రశ్నకు జవాబు మన మూడు తాలూకాలలోనే ఉంది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను ఆర్థికవేత్తను కాను. బి.కాం. చదివి 1981లో బ్యాంకు గుమాస్తాగా చేరి, 2018లో రిటైరు అయినాను. ముప్పై ఏడు సంవత్సరాలు కౌంటర్ వెనక కూర్చుని చూసినదే చెబుతాను. అందులో నాకు గొప్ప కానిది కూడా ఒకటి ఉంది. దాన్ని దాచకుండా రాస్తున్నాను.

1. ముందు రెండు మాటల అర్థం

చట్టం తెచ్చే మార్పుకు ఒక తేదీ ఉంటుంది. ఆ రోజు నుండి ఇది చెల్లదు, అది చెల్లుతుంది అని ప్రభుత్వం చెబుతుంది. అందరికీ ఒకే మాట, తప్పితే శిక్ష.

మార్కెట్టు తెచ్చే మార్పుకు తేదీ ఉండదు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వరు. ఎవరి లాభం వారు చూసుకుంటారు. ఒక చోట కూలి ఎక్కువ వస్తే మనుషులు అక్కడికి పోతారు. ఒక పంటకు ధర వస్తే అందరూ అదే పెడతారు. పదేళ్ళ తరువాత వెనక్కి తిరిగి చూస్తే ఊరు మారిపోయి ఉంటుంది. మార్చింది ఎవరని అడిగితే ఫలానా వారని చూపించలేము.

ఈ రెండింటిలో ఏది గొప్ప అన్నది పరీక్ష ప్రశ్న. ఏది ఎక్కడ ఆగిపోతుంది, అక్కడ రెండోది ఎలా అందుకుంటుంది అన్నది బ్రతుకు ప్రశ్న. మనం రెండోదాన్ని చూద్దాము.

2. బాగేపల్లి: జీతం

ఆంధ్రాలో ఉన్న మన బంధువులు "మీ అబ్బాయికి జీతం ఎంత?" అని అడుగుతారు. మన వైపు "సంబళం ఎంత?" అంటాము. కన్నడంలో ఉద్యోగికి వచ్చేది సంబళ. జీత అంటే వేరు. అప్పు తీసుకుని, అది తీరేదాకా ఒకరి ఇంట్లో కట్టుబడి పని చేయడం జీత. మన తెలుగులో కూడా "కొడుకును జీతానికి పెట్టినాడు" అంటే ఇదే అర్థం. ఒకే మాటకు ఒక చివర నెలాఖరు సంతోషం, ఇంకో చివర తీరని కట్టుబాటు.

మా ఊరు బాగేపల్లి తాలూకాలో ఒక చిన్న పల్లె. మెట్ట పొలాలు. వాన పడితే రాగి, వేరుశనగ. పడకపోతే అప్పు. మా ఇంట్లో నా వయసు కుర్రవాడు ఒకడు జీతానికి ఉండేవాడు. వాళ్ళ నాయన మా నాయన దగ్గర మూడు వందల రూపాయలు తీసుకున్నాడు. దానికి వీడు వచ్చాడు. నేను పలక పట్టుకుని బడికి పోయేవాడిని, వాడు ఆవులు తోలుకుని గుట్టకు పోయేవాడు. వాడి తట్ట బయట వసారాలో వేరుగా ఉండేది. ఇలా జీతానికి ఉన్నవారిలో ఎక్కువమంది దళిత కుటుంబాల పిల్లలే. మన ఇళ్ళలో ఇది ఉండేదని పిల్లలకు చెప్పడానికి మనం సంకోచిస్తాము. చెప్పకపోతే వాళ్ళు చట్టం విలువ ఎలా తెలుసుకుంటారు?

బలవంతపు చాకిరీ చెల్లదని రాజ్యాంగం 23వ అధికరణం 1950 నుండే చెబుతున్నది. మా పల్లెకు ఆ మాట రావడానికి ఇరవై ఐదేళ్ళు పట్టింది. 1975 జూలైలో ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో వెట్టి రద్దు ఒకటి. ఆ సంవత్సరం అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది, 1976లో అదే చట్టమైంది. దాని సారాంశం మూడు ముక్కలు. కట్టుబడి ఉన్న ప్రతి మనిషీ ఆ రోజు నుండి విడుదల. అతని మీద ఉన్న ఆ అప్పు రద్దు. ఇకమీద ఎవరైనా అలా పని చేయిస్తే మూడేళ్ళ వరకు జైలు, రెండు వేల వరకు జరిమానా.

కామర్స్ విద్యార్థులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1833లో బ్రిటన్ తన సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చేసినప్పుడు యజమానులకు రెండు కోట్ల పౌండ్లు పరిహారం ఇచ్చింది. బానిసలకు ఏమీ ఇవ్వలేదు. మన చట్టం యజమానికి పైసా ఇవ్వలేదు, అప్పునే కొట్టివేసింది. ఆ లెక్కన మనది పెద్ద అడుగు.

నాకు అప్పుడు పదిహేడేళ్ళు, పి.యు.సి. చదువుతున్నాను. ఊళ్ళో దండోరా వేశారు. తాలూకాఫీసు జీపు వచ్చింది. మా నాయన చాలా కోపంగా "పో" అన్నాడు. వాడు పోయాడు. రెండేళ్ళు తిరగకముందే పక్క ఊళ్ళో ఇంకొకరి దగ్గర జీతానికి చేరాడని తెలిసింది. ఈసారి ఎవరూ కట్టివేయలేదు, వాడే వెళ్ళి అడిగాడు. కారణం ఏమీ పెద్దది కాదు. ఇంట్లో రాగులు లేవు, వానలు లేవు, తల్లికి జబ్బు. అప్పు ఇచ్చేది సావుకారి ఒక్కడే. ఆయన అడిగేది ఒంటి కష్టమే. చట్టం తాడు తెంచింది. కానీ వాడు నిలబడడానికి నేల చూపించలేదు.

అమెరికాలో కూడా ఇలాగే జరిగింది. 1865లో రాజ్యాంగ సవరణతో బానిసత్వం పోయింది. భూమి ఇవ్వలేదు. విడుదలైన వాళ్ళు పాత దొరల పొలాలలోనే పంట పాలుకు చేరి, విత్తనానికి, తిండికి అప్పు పడి, తరాల తరబడి అక్కడే ఉండిపోయారు.

3. నా కౌంటర్ దగ్గర ఆగిన చట్టం

1969లో పద్నాలుగు పెద్ద బ్యాంకులను, 1980లో మరో ఆరింటిని జాతీయం చేశారు. అంతకుముందు పల్లెల్లో బ్యాంకు పెడితే లాభం రాదు కాబట్టి చాలా తక్కువగా పెట్టారు. అది మార్కెట్టు లెక్క. ఆ లెక్కను పక్కన పెట్టి పల్లెలకు బ్రాంచీలు తెచ్చింది చట్టం. 1980 అక్టోబరు నుండి ఐ.ఆర్.డి.పి. పథకం దేశంలోని అన్ని బ్లాకులకు వచ్చింది. బీదవారికి ఆవు, గొర్రెలు, బండి, ఏదైనా కొనుక్కోవడానికి అప్పు, అందులో కొంత సబ్సిడీ.

1984లో అనుకుంటాను, మా పాత జీతగాడు మా బ్రాంచికి వచ్చాడు. పాడి ఆవు కోసం. నన్ను చూసి నవ్వాడు. నేను కాగితాలు చూసి, "తెలిసిన మనిషి సంతకం ఒకటి తీసుకురా" అన్నాను. ఇలాంటి చిన్న అప్పులకు ఆస్తి హామీ అడగరాదని మాకు సర్క్యులర్లు ఉండేవి. కానీ ఒక పెద్దమనిషి సంతకం అడగడం కౌంటర్లో వాడుక. ఎవరూ నన్ను అడగమనలేదు, ఎవరూ వద్దనలేదు. వాడుక కదా అని అడిగాను.

వాడికి తెలిసిన, పహణీలో పేరున్న, సంతకం పెట్టగల మనిషి ఎవరు? మా నాయనే. వాడు పోయి అడిగాడు. మా నాయన సంతకం పెట్టాడు. అప్పు వచ్చింది, ఆవు వచ్చింది. నేను మంచి పని చేశాననుకున్నాను. కొన్ని నెలల తరువాత ఇంట్లో అన్నం తింటూ మా నాయన ఇలా అన్నాడు: "ఈసారి శనక్కాయ పీకడానికి కూలి ఖర్చు కాలేదురా. వాడూ వాడి పెండ్లామూ పదిహేను రోజులు వచ్చినారు. సంతకం పెట్టినాను కదా." నేను తల వంచుకుని తిన్నాను. ఏమీ అనలేదు. చట్టం రద్దు చేసిన జీతాన్ని పదిహేను రోజులకు మళ్ళీ తెచ్చింది నేను అడిగిన సంతకం. మా నాయన మీద ఎంత తప్పు ఉందో, నా మీద కూడా అంతే ఉంది.

చట్టం ఢిల్లీలో, బెంగుళూరులో పుట్టవచ్చు. అది మనిషిని చేరే చోటు మాత్రం ఒక బల్ల. ఆ బల్ల వెనక ఉన్నవాడికి పాత వాడుక ముఖ్యమైతే చట్టం అక్కడే ఆగిపోతుంది.

4. హైవే చేసిన పని

మరి జీతం మా ఊళ్ళో నిజంగా ఎప్పుడు పోయింది? 1990ల మధ్యలో. బాగేపల్లి బెంగుళూరు–హైదరాబాదు హైవే మీద ఉంది. అప్పట్లో ఏడో నంబరు రోడ్డు, ఇప్పుడు 44. 1991 తరువాత బెంగుళూరు పెరిగింది. కట్టడాలు లేచాయి, గార్మెంట్సు ఫ్యాక్టరీలు వచ్చాయి. వాడి పెద్ద కొడుకు పదహారేళ్ళకే బస్సెక్కి గారపనికి పోయాడు. ఊళ్ళో ఏడాదికి ఇచ్చేది అక్కడ మూడు నెలల్లో చేతికి వచ్చింది. వాడి వెనక ఇంకో పదిమంది. ఐదారేళ్ళలో మా ఊళ్ళో ఏడాది జీతానికి మనిషి దొరకడం మానేసింది. మా నాయన ఎద్దులు అమ్మేసి బాడుగ ట్రాక్టరు పిలిపించడం మొదలుపెట్టాడు.

చూశారా, చట్టం ఇరవై ఏళ్ళలో చేయలేనిది మార్కెట్టు ఐదేళ్ళలో చేసింది అని మన బి.కాం. అమ్మాయి అనవచ్చు. ఆగాలి. నాకు పదేళ్ళున్నప్పుడు, అంటే 1968 ప్రాంతంలో, మా పక్కింటి జీతగాడు ఒకడు బెంగుళూరుకు పారిపోయాడు. అప్పుడు కూడా బెంగుళూరు ఉంది, బస్సు ఉంది, పని ఉంది. యజమాని మనుషులు పోయి పట్టుకొచ్చారు. తీసుకురావడానికి వాడి కన్నతండ్రే తోడు వెళ్ళాడు, అప్పు ఆయన పేరున ఉంది కాబట్టి. ఊళ్ళో ఎవరికీ అది తప్పనిపించలేదు. 1995లో ఈ కుర్రవాడు పోయినప్పుడు ఎవరూ వెంట పోలేదు. పోతే జైలని అందరికీ తెలుసు. రోడ్డు వేసింది మార్కెట్టు. ఆ రోడ్డు మీద అడ్డం నిలబడిన మనిషిని తప్పించింది చట్టం.

మూడో సంగతి కూడా ఉంది. 1977లో బాగేపల్లిలో మొదలైన ఆడాట్స్ సంస్థ పల్లెల్లో కూలీ సంఘాలను నిలబెట్టింది. ఒక్కడు తాలూకాఫీసుకు పోతే బయట నిలబెడతారు, ముప్పై మంది పోతే కుర్చీ వేస్తారు. 1992లో నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే పథకం మొదలుపెట్టింది. ఆస్తి హామీ లేదు, పెద్దమనిషి సంతకం లేదు. సంఘంలోని ఆడవాళ్ళే ఒకరికొకరు హామీ. కొన్నేళ్ళకు వాడి భార్య అలాంటి సంఘంతో మా బ్రాంచికి వచ్చింది. నేనే పాస్‌బుక్కు రాసిచ్చాను. ఈసారి మా నాయన సంతకం ఆమెకు అవసరం రాలేదు.

5. చింతామణి: గూళ్ళ అంగడి

ఇప్పుడు మార్కెట్టునే చూద్దాము. చింతామణి చుట్టుపక్కల మల్బరీ తోటలు ఉన్న ఇళ్ళకు పట్టుపురుగుల సంగతి చెప్పనక్కరలేదు. చింతామణిలో పట్టు పరిశ్రమ కాలేజీ కూడా ఉంది. పురుగు గూడు కట్టిన తరువాత రైతు దగ్గర వారం పది రోజులే సమయం. ఆలస్యమైతే పురుగు చిలుకై గూడు తొలుచుకుని బయటికి వస్తుంది, దారం తెగిపోతుంది, గూడుకు విలువ ఉండదు. అంటే అమ్మేవాడు ఆగలేడు, కొనేవాడు ఆగగలడు. ఇలాంటి చోట "స్వేచ్ఛగా బేరం చేసుకోండి" అంటే స్వేచ్ఛ ఎవరికి ఉన్నట్టు? పాత రోజుల్లో ఇంటికే వచ్చి కొనేవారు. తక్కెడ వాళ్ళదే, ధర వాళ్ళదే, దుడ్లు ఇచ్చే రోజూ వాళ్ళదే.

1959లో మన రాష్ట్రంలో పట్టుగుడ్లు, గూళ్ళ అమ్మకాన్ని క్రమబద్ధం చేసే చట్టం వచ్చింది. ప్రభుత్వ గూళ్ళ మార్కెట్టులోనే అమ్మాలి, కొనే రీలరుకు లైసెన్సు ఉండాలి. మన పక్కనున్న శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయి చూడండి. రామనగరం తరువాత పేరున్న మార్కెట్టు అదే. రైతు గూళ్ళు పోస్తాడు, లాటు నంబరు పడుతుంది, అందరి ఎదుట వేలం. ఇప్పుడైతే కంప్యూటరులో వేలం. ధర నచ్చకపోతే "వద్దు" అనే హక్కు రైతుకు ఉంది. తూకం ప్రభుత్వానిది. ఇంతమంది కొనేవాళ్ళు ఒకరితో ఒకరు పోటీ పడే నిజమైన మార్కెట్టును తయారు చేసింది చట్టమే. దాన్ని తీసేస్తే మిగిలేది మళ్ళీ ఇంటికొచ్చే తక్కెడ.

కానీ చట్టం గోడ కట్టినంత మాత్రాన బయటి గాలి ఆగదు. 2011 కేంద్ర బడ్జెట్టులో ముడి పట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుండి 5 శాతానికి తగ్గించారు. చైనా పట్టు చౌకగా వచ్చింది, ఇక్కడ గూళ్ళ ధర పడిపోయింది. మా బ్రాంచికి పట్టు అప్పు కట్టడానికి వచ్చేవాళ్ళు తగ్గారు, నగలు తాకట్టు పెట్టడానికి వచ్చేవాళ్ళు పెరిగారు. 2013లో సుంకాన్ని మళ్ళీ 15 శాతం చేశారు. బడ్జెట్టు కాగితంలో ఒక్క అంకె మారితే చింతామణిలో ఒక పెండ్లి వాయిదా పడింది. నేత పనివాళ్ళకు చౌక పట్టు మేలు చేసిందన్నది కూడా నిజమే. మార్కెట్టులో ఒకరి ఊరట ఇంకొకరి కష్టం కావచ్చు. ఎవరికి ఎంత అన్నది మళ్ళీ చట్టమే తేల్చింది.

6. చిక్కబళ్ళాపురం: ఆడపిల్ల వాటా

మూడోది మన తల్లిదండ్రులందరికీ తగిలేది. తండ్రి ఆస్తిలో, పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉందని ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే సవరణ చేశారు. కర్ణాటకలో 1994 జూలై 30 నుండి వచ్చింది. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుండి వచ్చింది. ఆ తేదీకి తండ్రి బ్రతికి ఉండకపోయినా కూతురికి హక్కు ఉంటుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను ఆ చట్టం కదిలించదు.

చట్టం వచ్చిన తరువాత పదేళ్ళు చాలా ఇళ్ళలో జరిగింది ఒకటే. పండుగకు పిలిచి, చీర పెట్టి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల పత్రం మీద సంతకం తీసుకోవడం. మా ఇంట్లో కూడా మా చెల్లెలు అలాగే పెట్టింది. మెట్ట పొలం, విలువ తక్కువ. అన్నలతో మాట పోగొట్టుకోవడం ఎందుకని ఆడపిల్లలు ఊరుకునేవారు.

2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది. 2008 మే నెలలో దేవనహళ్ళి దగ్గర కొత్త విమానాశ్రయం తెరిచారు. నంది కొండ చుట్టూ భూముల ధర ఎలా పెరిగిందో మీకు తెలుసు. అప్పుడు కూతుళ్ళు, అల్లుళ్ళు కాగితాలు అడగడం మొదలైంది. పద్నాలుగేళ్ళుగా చట్టంలో ఉన్న హక్కుకు మార్కెట్టు ప్రాణం పోసింది. దాంతో పాటు కోర్టు కేసులు కూడా తెచ్చింది. అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకోని ఇళ్ళు ఎన్నో. తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. మార్కెట్టు తలుపు కొట్టేదాకా ఆగకండి. పొలం చవకగా ఉన్నప్పుడే న్యాయంగా పంచితే గొడవ ఉండదు.

మార్కెట్టును కావాలనే ఆపే చట్టం కూడా మన రాష్ట్రంలో ఉంది. ప్రభుత్వం షెడ్యూల్డు కులాలకు, తెగలకు ఇచ్చిన భూములను అనుమతి లేకుండా అమ్మరాదు, కొనరాదు అని 1978 చట్టం చెబుతుంది. అమ్ముకునే స్వేచ్ఛ వాళ్ళకు ఎందుకు లేదని కొందరు అడుగుతారు. ఆసుపత్రి ఖర్చుకు ఐదు వేలకు అమ్ముకున్న ఎకరం తరువాత కోటి అయితే, ఆ అమ్మకం స్వేచ్ఛగా జరిగిందా, గతిలేక జరిగిందా అన్నది చూడాలి. మరోవైపు, వ్యవసాయదారులు కానివారు పొలం కొనరాదన్న పాత ఆంక్షలను 2020లో తీసివేశారు. అంటే చట్టం ఒక చోట తలుపు మూస్తుంది, ఒక చోట తెరుస్తుంది.

7. పోలిక: పరీక్షలో ఎలా రాయాలి

(1) వేగం: చట్టం ఒక్క రోజులో వస్తుంది, అమలుకు ఏళ్ళు పడుతుంది. మార్కెట్టు మెల్లగా మొదలై, ఒకసారి పట్టుకుంటే ఎవరి అనుమతి కోసమూ ఆగదు.

(2) ఎవరికి అందుతుంది: చట్టం కాగితం మీద అందరికీ సమానం, ఆచరణలో దాన్ని చదవగలిగినవారికి ముందు అందుతుంది. మార్కెట్టు చేతిలో ఏదో ఒకటి ఉన్నవారికి ముందు అందుతుంది: భూమి, చదువు, లేదా కనీసం ఊరు దాటిపోయే స్వేచ్ఛ.

(3) ఏం చేయగలదు: చట్టం "ఇది తప్పు" అని చెప్పగలదు. మార్కెట్టు ఆ మాట చెప్పదు. జీతగాడు చవకగా దొరికినంత కాలం మార్కెట్టుకు జీతంలో తప్పేమీ కనిపించలేదు. కానీ మార్కెట్టు ఇంకో పని చూపించగలదు. చట్టం ఆ పనిని పుట్టించడం చాలా కష్టం.

(4) వెనక్కి పోతుందా: రెండూ పోతాయి. 2011 సుంకం చూశాము. జీతం కూడా వేషం మార్చి వస్తుంది. ఇటుక బట్టీకి, తోట పనికి మేస్త్రీ ఇచ్చే "అడ్వాన్సు" తీరేదాకా కదలకూడదంటే అది 1976 చట్టం చెప్పిన జీతమే. చిన్న అప్పుల వసూలులో వేధింపులు పెరిగినందుకే కర్ణాటక 2025లో కొత్త చట్టం చేయవలసి వచ్చింది.

(5) ముగింపు వాక్యం: "చట్టమా, మార్కెట్టా" అని రాయకండి. చట్టం విడిపించిన మనిషికి మార్కెట్టు పని ఇవ్వాలి, మార్కెట్టులో నిలబడిన మనిషికి చట్టం తక్కెడ సరిచూడాలి. ఒకటి లేకపోతే రెండోది సగంలో నిలిచిపోతుందని ఉదాహరణతో రాయండి. ఉదాహరణ మన తాలూకాదై ఉండాలి.

8. ఇంట్లో అడగవలసిన ప్రశ్నలు

అ) మన ఇంట్లో ఎవరైనా జీతానికి ఉండేవారా, లేక మన ఇంటి నుండి ఎవరైనా జీతానికి పోయారా? వాళ్ళు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?

ఆ) అత్తలు, అమ్మమ్మలు హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టారా? అప్పుడు వాళ్ళకు అందులో ఏముందో చదివి వినిపించారా?

ఇ) మన పంట ధర ఎవరు నిర్ణయిస్తారు? తూకం ఎవరిది?

విద్యార్థులారా, మీలో చాలామంది రేపు బ్యాంకులో, తాలూకాఫీసులో, కంపెనీలో ఒక బల్ల వెనక కూర్చుంటారు. ఎవరో ఒక కాగితం పట్టుకుని మీ ముందు నిలబడతారు. అప్పుడు "వాడుక" అని ఏదైనా అడిగేముందు, ఆ కాగితం లేదా ఆ సంతకం తేవడానికి ఆ మనిషి ఎవరి ఇంటికి పోవలసి వస్తుందో ఒక్క నిమిషం ఆలోచించండి. నేను ఆ నిమిషం ఆలోచించలేదు. దాని వెల పదిహేను రోజుల కూలి, నేను కాదు, ఇంకొకరు కట్టారు.